నగరం బయట ఉండి ‘మాది ఆ నగరమే’ అనొచ్చా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా ఇక్కడ పెడతాను, తర్వాత చదివేవాళ్ల కోసం. మీ ఇల్లు నగరం హద్దుకు మూడు కిలోమీటర్ల అవతల, వేరే మునిసిపాలిటీలో ఉంది. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. కాలేజీ, ఉద్యోగం మాత్రం నగరంలో. ఎవరడిగినా నగరం పేరే చెప్తారు. మొన్న ఆఫీసులో పరిచయాలు జరుగుతుంటే అలాగే చెప్పారు. నగరంలోనే పుట్టి పెరిగిన సహోద్యోగి అందరి ముందూ ‘నీది ఈ ఊరెలా అవుతుంది?’ అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఆ మాట మీకు గుచ్చుకుంటోంది. ‘ఇన్నేళ్లూ నేను అబద్ధం చెప్తున్నానా?’ అని అడిగారు.

లేదండీ, అబద్ధం చెప్పడం లేదు. అలాగని ప్రతిచోటా చెల్లే నిజమూ కాదు.

నేను సర్వే పటాల పనిలో 31 ఏళ్లున్నాను. మునిసిపాలిటీల హద్దులు గీయడం, ప్రభుత్వం మారినప్పుడు చెరపడం, మళ్లీ గీయడం, ఇదే పని. అందులో ఇరవై ఏళ్లు నేనూ శివారులోనే కాపురం ఉన్నాను. కాబట్టి గీత గీసే చేతి వైపు నుంచీ, ఆ గీత అవతల నిలబడ్డ కాళ్ల వైపు నుంచీ దీన్ని చూశాను.

మొదట మాట సంగతి చూద్దాం. ఈ విషయాన్ని మనం మూడు రకాలుగా చెప్తాం, మూడూ ఒకటి కాదు. ‘ఫలానా ఊళ్లో ఉంటున్నాను’ అంటే అది వట్టి అడ్రసు. అద్దె ఇల్లు మారితే అదీ మారిపోతుంది. ‘మాది ఫలానా ఊరు’ అన్నప్పుడు మాత్రం మీరొక్కరే మాట్లాడటం లేదు. ‘నాది’ అనకుండా ‘మాది’ అంటున్నాం చూడండి, వెనకాల ఇల్లు, అమ్మానాన్న, చిన్నప్పుడు తిరిగిన వీధులు అన్నీ వచ్చి నిలబడతాయి. ఇక ‘నేను ఫలానా ఊరివాణ్ని’ అన్నది మూడోది. ఆ ఊరి పద్ధతి, ఆ ఊరి పొగరు నాలో ఉన్నాయని చెప్పుకోవడం అది. మీరు బహుశా ఏ ఆలోచనా లేకుండా ‘మాది ఇక్కడే’ అని ఉంటారు. ఆయన చెవిలో అది ‘నేను ఈ ఊరివాణ్ని’ అని పడింది. సగం గొడవ అక్కడే ఉందని నా అనుమానం.

మిగతా సగం, ఎవరు ఎంత దూరం నుంచి అడుగుతున్నారన్నదాంట్లో ఉంది. వేరే దేశంలో ఎవరో ‘మీరెక్కడి నుంచి?’ అని అడిగితే మీ మునిసిపాలిటీ పేరు చెప్పి లాభం లేదు. ఆ మనిషి కళ్లలో ఏమీ కదలదు. అప్పుడు మీరు మళ్లీ ‘అంటే, ఫలానా నగరం పక్కన’ అని మొదలుపెట్టాలి. నగరం పేరు అక్కడ పటం మీద గుచ్చిన గుండుసూది లాంటిది. ఎదుటివాళ్లకి దారి చూపించడానికే ఆ పేరు వాడుతున్నారు, గొప్పకి కాదు. అదే మీ జిల్లాలోనే అడిగితే నగరం పేరు వాళ్లకి తప్పు దారి చూపిస్తుంది. ‘నగరంలో ఎక్కడ?’ అని రెండో ప్రశ్న వస్తుంది, అప్పుడు మీరు తడబడతారు. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: రెండో ప్రశ్నకి సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగితే మొదటి జవాబు సరైనదే.

మీరు చేస్తున్న ఈ పనిని చాలా పెద్ద పెద్ద సంస్థలే దర్జాగా చేస్తున్నాయి. టోక్యో డిస్నీల్యాండ్ 1983లో తెరిచారు. అది టోక్యోలో లేదు, పక్కనున్న చిబా ప్రిఫెక్చర్‌లోని ఉరయాసులో ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో న్యూయార్క్ జెయింట్స్, న్యూయార్క్ జెట్స్ అని రెండు జట్లున్నాయి. రెండూ సొంత మ్యాచ్‌లు ఆడేది న్యూయార్క్ నగరంలో కాదు సరికదా, న్యూయార్క్ రాష్ట్రంలో కూడా కాదు. నది దాటి న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌కి వెళ్లి ఆడతాయి. మాంచెస్టర్ యునైటెడ్ 1910 నుంచి ఆడుతున్న ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం ఇవాళ్టి పటం ప్రకారం ట్రాఫర్డ్ బరోలో ఉంది, మాంచెస్టర్ సిటీ కౌన్సిల్ హద్దులో లేదు. ఆ జట్టు అభిమానిని ‘మీది మాంచెస్టర్ ఎలా అవుతుంది?’ అని అడిగి చూడండి. (నిజానికి పక్క జట్టు అభిమానులు ఆ మాట అంటూనే ఉంటారు. ఎకసెక్కానికి ఎక్కడా కొదవ లేదు.)

అసలు ‘నగరం’ అన్నప్పుడు ఏ నగరం అన్న చిక్కు కూడా ఉంది. బయటివాళ్లకి తెలియదు గానీ మా వృత్తిలో రోజూ ఎదురయ్యేది ఇదే. ఒకే పేరుకి రెండు మూడు సైజులు ఉంటాయి. లండన్ తీసుకోండి. ‘సిటీ ఆఫ్ లండన్’ అన్నది మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ముక్క. 2021 జనాభా లెక్కల్లో అక్కడ కాపురం ఉన్నవాళ్లు తొమ్మిది వేల లోపే. గ్రేటర్ లండన్ 1,572 చదరపు కిలోమీటర్లు, జనం 88 లక్షలు. అంటే లండన్‌వాళ్లమని చెప్పుకునే కోటికి దగ్గర మంది, పాత లెక్కన చూస్తే శివారువాళ్లే. మెల్‌బోర్న్ కూడా అంతే. ‘సిటీ ఆఫ్ మెల్‌బోర్న్’ అన్న కౌన్సిల్ పరిధి 37 చదరపు కిలోమీటర్లు. దాని బయట ఉన్న లక్షలాది మంది తమది మెల్‌బోర్న్ అంటే అక్కడ ఎవరూ కనుబొమ్మ ఎగరెయ్యరు. ఆస్ట్రేలియాలో ‘సబర్బ్’ అంటే మనం పేట అన్నట్టే, నడిబొడ్డున ఉన్నది కూడా సబర్బే.

పారిస్‌లో మాత్రం కనుబొమ్మ ఎగరేస్తారు. అక్కడ హద్దు కంటికి కనిపిస్తుంది. పాత కోటగోడ ఉన్న చోట 1973 కల్లా పెరిఫెరీక్ అనే రింగురోడ్డు పూర్తి చేశారు. దాని లోపల పారిస్, బయట ‘బాన్‌ల్యూ’, అంటే శివారు. లోపల నూరు చదరపు కిలోమీటర్ల చిల్లరలో ఇరవై లక్షల పైచిలుకు మంది ఉంటారు. పారిస్ వ్యాపార గోపురాలని ఫొటోల్లో చూపించే లా డెఫాన్స్ ఆ హద్దు బయటే ఉంది. స్టాద్ ద ఫ్రాన్స్ స్టేడియం బయటే, సెయింట్ డెనిస్‌లో ఉంది. మీ సహోద్యోగిలాంటివాళ్లకి అలాంటి నగరం భలే సుఖం. రోడ్డు చూపించి ‘నువ్వు అవతల’ అంటే సరిపోతుంది.

అయితే ఆ లోపలివాళ్లలో ఎంతమంది ఎప్పట్నుంచి లోపల ఉన్నారన్నది అడగాలి. పారిస్ అనగానే చిత్రకారులు, మెట్లు, కొండ మీద తెల్లటి గుడి గుర్తొస్తాయి కదా, ఆ మోంమార్త్ర్ 1859 డిసెంబరు 31 దాకా పారిస్ కాదు. వేరే ఊరు. 1860 జనవరి 1న దాన్నీ, బెల్‌విల్, పాసీ లాంటి చుట్టుపక్కల ఊళ్లనీ కలిపేసుకున్నారు. పన్నెండు వార్డుల నగరం ఇరవై వార్డులైంది. హాలీవుడ్ కథ ఇంకా విచిత్రం. 1903లో సొంత మునిసిపాలిటీ పెట్టుకుంది, ఏడేళ్లు తిరక్కుండానే, 1910లో, లాస్ ఏంజెలెస్‌లో కలిసిపోయింది. ఊరి మీద ప్రేమ పొంగి కాదు, నీళ్ల కోసం. 1913లో ఓవెన్స్ లోయ నుంచి కాలువ వచ్చాక శాన్ ఫెర్నాండో లోయ కూడా అందుకే 1915లో చేరింది. ఆ లోయ మధ్యలో శాన్ ఫెర్నాండో అనే చిన్న ఊరు మాత్రం చేరలేదు. దానికి సొంతంగా భూగర్భ జలాలున్నాయి. ఇవాళ పటం చూస్తే నాలుగు పక్కలా లాస్ ఏంజెలెస్, నడుమ ఆ ఊరు. ఆ ఊళ్లో ఉన్నాయన ‘నేను లాస్ ఏంజెలెస్‌వాణ్ని’ అనకూడదా? అనకూడదంటే ఎందుకు? వందేళ్ల కిందట వాళ్ల బావుల్లో నీళ్లుండటం వల్ల!

ఈ ఊరివాడా కాదా అన్న గీతలో చాలాసార్లు ఉన్నది ఇంతే. నీళ్లు, మురుగు కాలువలు, అప్పులు, ఎన్నికల లెక్కలు. 1894లో న్యూయార్క్‌తో కలవాలా వద్దా అని, అప్పటికి వేరే నగరమైన బ్రూక్లిన్‌లో ఓటింగ్ పెడితే కలవాలన్న పక్షం 277 ఓట్ల తేడాతో గెలిచింది. లక్షకు పైగా ఓట్లలో 277. 1898 జనవరి 1న కలిసిపోయారు. ఒక మూడు వందల మంది ఆ రోజు ఇంట్లోనే పడుకుని ఉంటే బ్రూక్లిన్ ఇవాళ శివారు అయ్యుండేదేమో. ఇంకో తమాషా, బ్రూక్లిన్‌వాళ్లు ఇప్పటికీ న్యూయార్క్ నడిబొడ్డైన మన్‌హాటన్‌కి వెళ్తూ ‘సిటీకి వెళ్తున్నాం’ అంటారు. నగరంలో ఉంటూ నగరానికి వెళ్లడం! అదే మన్‌హాటన్‌కి హడ్సన్ నదికి అటు ఒడ్డున ఉన్న జెర్సీ సిటీ నుంచి రైలెక్కితే నాలుగైదు నిమిషాల్లో దిగొచ్చు. న్యూయార్క్ నగరంలోనే భాగమైన స్టేటన్ ఐలాండ్ నుంచి పడవలో ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అయినా స్టేటన్ ఐలాండ్ ఆయన న్యూయార్కర్, జెర్సీ సిటీ ఆయన కాదు.

ఇంకా ఘోరం కెనడాలోని మాంట్రియల్. అది ఒక ద్వీపం మీద ఉంది. 2002 జనవరి 1న ఆ ద్వీపంలోని మునిసిపాలిటీలన్నిటినీ కలిపి ఒకే నగరం చేశారు. జనం ఊరుకోలేదు. 2004లో రెఫరెండం పెట్టారు, 2006 జనవరి 1న పదిహేను మునిసిపాలిటీలు మళ్లీ విడిపోయాయి. వాటిలో ఒకటైన వెస్ట్‌మౌంట్‌లో ఇల్లు కదలకుండా కూర్చున్న మనిషి ఒక రాత్రి మాంట్రియల్‌వాడయ్యాడు, నాలుగేళ్లకి ఇంకో రాత్రి కాకుండా పోయాడు. మధ్యలో ఆయన వంటింట్లో ఒక్క గిన్నె కూడా జరగలేదు. మీ సహోద్యోగి లెక్కన ఈ పెద్దమనిషిది ఏ ఊరు?

ఇక్కడిదాకా చదివి ‘అయితే హద్దులన్నీ ఉత్తవే, నేను ఏమైనా అనొచ్చు’ అనుకోకండి. హద్దు ఉత్తది కాదు. దాని మీద డబ్బు నడుస్తుంది, అదే నేను రోజూ చూసింది.

ఒక సర్వేలో నాకు ఒక వీధి అప్పగించారు. సరిగ్గా వీధి మధ్యలో హద్దు. ఎడమ పక్క ఇళ్లు నగరానివి, కుడి పక్కవి చిన్న మునిసిపాలిటీవి. ఎడమ పక్క ప్రతి మూడిళ్లకి ఒక దీపస్తంభం, కుడి పక్క వీధి మొత్తానికి రెండు. తెల్లారి చెత్తబండి ఎడమ పక్కనే ఆగుతూ పోయేది. కుడి పక్క ఒక పెద్దావిడ రాత్రి తన చెత్త సంచిని వీధి దాటించి ఎదురింటి గోడ కింద పెట్టేది. ఎదురింటాయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కొన్నాళ్లకి సంచులు నాలుగయ్యాయి, ఇంకొన్నాళ్లకి పదయ్యాయి, అప్పుడు ఆయన గేటు దగ్గర నిలబడి అరిచాడు: ‘పన్ను కట్టేది మేము, చెత్త మీదా?’ ఆవిడ ‘నీ కొడుకు ఆడుకునేది మా పక్క మైదానంలో కాదూ?’ అంది. నేను టేపు పట్టుకుని నడి వీధిలో నిలబడ్డాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు, నేనేదో తీర్పు చెప్తానని. నేను సున్నంతో గుర్తు పెట్టుకుని ముందుకి నడిచాను.

మీ సహోద్యోగి మాట వెనకాల ఆ ఎదురింటాయన అరుపు ఎంతో కొంత ఉంటుంది. బయటి నుంచి వచ్చేవాళ్లు నగరం రోడ్లు వాడుకుంటారు, పార్కుల్లో తిరుగుతారు, సాయంత్రం వెళ్లిపోతారు, ఇంటి పన్ను ఇంకెక్కడో కడతారు అన్న కడుపుమంట చాలా నగరాల్లో ఉంది. న్యూయార్క్‌లో 1966 నుంచి బయటి నుంచి వచ్చి పనిచేసేవాళ్ల జీతం మీద కూడా నగరం చిన్న పన్ను వేసేది. చివర్లో అది 0.45 శాతం. 1999లో రాష్ట్ర చట్టసభ దాన్ని ఎత్తేసింది. నగరవాసులు మాత్రం తమ ఆదాయం మీద నగరానికి ఇప్పటికీ కడుతున్నారు. ఫిలడెల్ఫియాలో అలా కాదు. 1939లో తెచ్చిన జీతం పన్ను ఇప్పటికీ ఉంది, మీరు ఎక్కడ పడుకున్నా సరే, నగరంలో పనిచేస్తే కట్టాల్సిందే. ఫిలడెల్ఫియా శివారువాసి ‘మాది ఫిలడెల్ఫియా’ అంటే కనీసం జీతం చీటీ చూపించి గెలవొచ్చు.

కాగితం మీద మాత్రం ఇవేవీ చెల్లవు. శివారులో ఉన్న మొదటి రోజుల్లో నేను ఒక నగర గ్రంథాలయంలో సభ్యత్వానికి ఫారం నింపుతూ ‘నివాసం’ దగ్గర అలవాటు కొద్దీ నగరం పేరు రాశాను. మూడు వారాల తర్వాత నా అడ్రసు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపారు. కింద ‘పరిధి వెలుపల’ అని రెండు ముక్కలు. ఆ పరిధి పటంలో ఒక మూల గీసింది నేనే! అప్పుడు సిగ్గేసింది గానీ వాళ్లు చేసింది సరైన పనే. ఓటరు జాబితా, పన్ను, బడి ప్రవేశం, బీమా, స్థానికులకిచ్చే రాయితీ, ఇలాంటి చోట నగరం పేరు రాస్తే అది పొరపాటు, కావాలని రాస్తే మోసం. ఇక్కడ నేను ఏ వెసులుబాటూ ఇవ్వను.

జనాభా గణాంకాల శాఖలవాళ్లు మాత్రం మీ పక్షమే, ఈ సంగతి మీ సహోద్యోగికి తెలియకపోవచ్చు. వాళ్లు మునిసిపల్ హద్దుల్ని నమ్ముకోవడం ఎప్పుడో తగ్గించారు. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2020లో ఒక పద్ధతిని ఒప్పుకుంది. భూమిని చదరపు కిలోమీటరు గళ్లుగా కోస్తారు. గడికి కనీసం 1,500 మంది ఉండి, అలాంటి గళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని మొత్తం 50,000 మంది దాటితే అదంతా ఒకే నగర కేంద్రం. మధ్యలో ఎన్ని మునిసిపాలిటీలున్నా లెక్కలోకి రావు. యూరోపియన్ యూనియన్, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సంస్థ ఓఈసీడీ ఇంకో అడుగు ముందుకేశాయి. ఒక ప్రాంతంలో పనిచేసేవాళ్లలో 15 శాతం మంది రోజూ ఆ నగరానికి పనికి వెళ్తుంటే, ఆ ప్రాంతం ఆ నగరపు రాకపోకల పరిధిలోకి వస్తుంది. మూడు కిలోమీటర్ల దూరంలో, మధ్యలో ఖాళీ జాగా లేకుండా ఇళ్లున్న మీ పేట ఈ లెక్కలో నగరంలో కలవకపోతే నేను ఆశ్చర్యపోతాను. అయితే ఇలాంటి లెక్కతో మనిషి నోరు మూయించొచ్చేమో గానీ మనసు మార్చలేం.

ఒక సంగతి ఇబ్బందిగానే అడుగుతాను. మీ ఊరి పేరు చెప్పకపోవడానికి కారణం ఎదుటివాళ్లకి తెలియదనా, మీకు చెప్పాలనిపించకనా? నాకు కొన్నాళ్లు రెండోదే. శివారు పేరు చెప్తే చిన్నచూపు చూస్తారని నగరం వెనక దాక్కునేవాణ్ని. డబ్బున్న శివార్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. బెవర్లీ హిల్స్ 1923లో లాస్ ఏంజెలెస్‌లో కలవడానికి ఒప్పుకోలేదు. బోస్టన్ చుట్టూ ఊళ్లు ఒక్కొక్కటీ కలిసిపోతుంటే బ్రూక్‌లైన్ 1873లో కాదంది. ఆ ఊళ్లవాళ్లని మీదెక్కడ అంటే పెద్ద నగరం పేరు చెప్పరు, సొంత ఊరి పేరే గట్టిగా చెప్తారు. ఏ పేరుకి విలువ ఎక్కువుంటే ఆ పేరు నోటికొస్తుంది. అందుకని ఎవరైనా శివారువాణ్ని ‘మా పేరు వాడుకుంటున్నావు’ అంటే, కోపం తగ్గించుకుని వినాల్సిన మాట అందులో కొంచెం ఉంది.

పేరు చెరిపేసినా పోని ఊళ్లూ ఉన్నాయి, మీ ఊరి పేరు మీద బెంగ ఉంటే ఇది వినండి. ఇంగ్లండ్‌లో మిడిల్‌సెక్స్ అనే కౌంటీని (మన జిల్లా లాంటిది) 1965లో రద్దు చేసి చాలావరకు గ్రేటర్ లండన్‌లో కలిపారు. పాటర్స్ బార్ అనే ముక్క హెర్ట్‌ఫర్డ్‌షైర్‌కి పోయింది. అరవై ఏళ్లయినా మిడిల్‌సెక్స్ పేరుతో క్రికెట్ జట్టు లార్డ్స్‌లో ఆడుతూనే ఉంది, పెద్దవాళ్లు అడ్రసులో ఆ పేరు రాస్తూనే ఉన్నారు. పటాలు గీసే ఉద్యోగంలో నాకు ఇలాంటివి చూసినప్పుడు కొంచెం చిరాకు, చాలా సంతోషం.

ఇక మీరేం చెయ్యాలన్నది. దూరం నుంచి వచ్చినవాళ్లకి నగరం పేరు చెప్పండి, రెండో ప్రశ్న వస్తే వెంటనే మీ ఊరి పేరు చెప్పండి. నగరంవాళ్ల మధ్య ఉన్నప్పుడు ముందే మీ ఊరి పేరు చెప్పి, ‘కాలేజీ, ఉద్యోగం రెండూ ఇక్కడే’ అనండి. ఆ మాటని ఎవరూ కాదనలేరు, కాదనడానికి అందులో ఏమీ లేదు. ఒక్కటి మాత్రం వదిలెయ్యండి. నగరం మేయరు ఎవరవ్వాలి, ఏ పేటలో రోడ్డు వెడల్పు చెయ్యాలి అన్న వాదనల్లో ‘మన ఊళ్లో’ అంటూ దూరకండి. మీకు అక్కడ ఓటు లేదు, ఇల్లు పోయేది మీది కాదు. ఆ సమయంలో వినేవాడికి మీరు కుడి పక్క పెద్దావిడలా కనిపిస్తారు, ఆవిడ వాదన ఎంత సబబైనా సరే.

మీ సహోద్యోగి విషయానికొస్తే, ఆయనతో వాదించి గెలవాల్సిన పని లేదు. సరదాకి ఒక పని చెయ్యొచ్చు. ఆయన ఉండే పేట పేరు కనుక్కుని, పాత పటాల్లోనో, మునిసిపల్ రికార్డుల్లోనో అది ఏ సంవత్సరంలో నగరంలో కలిసిందో చూడండి. ఆయన తాతగారు ఆ ఇల్లు కట్టినప్పుడు అది ఊరి బయట అయ్యుండటానికి మంచి అవకాశం ఉంది. ఉంటే, ఆయనకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెప్పేవాణ్ని కాదు గానీ, పరిచయాల వేళ ఆయన్ని చూసి కొంచెం నవ్వేవాణ్ని.